ఆరు గొట్టాలు, పన్నెండు ఉంగరాలు

పిల్లలూ, మీ ఇంట్లో ప్రెషర్ కుక్కరు మూత తీసి చూడండి. దాని అంచున ఒక రబ్బరు చక్రం ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు దాన్ని వేలితో నొక్కితే అణుగుతుంది, వదిలితే మళ్ళీ లేస్తుంది. కొన్నేళ్ళు వేడికి కాగి అది బిరుసెక్కిపోతే, ఆవిరి విజిలు దగ్గరికి పోకుండా పక్కలనుంచి పోతుంది. అంతమాత్రాన మీ అమ్మగారు కుక్కరు పారవేస్తారా? పారవేయరు. బజారునుంచి కొత్త రబ్బరు తెప్పిస్తారు. అయితే ఇంత చిన్న సంగతి కుక్కరు దగ్గర తెలిసినట్టు మోటారు కారు దగ్గర అందరికీ తెలియదు.

మా అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తాడు. అక్కడ అతను ఇష్టపడి, డబ్బు కూడబెట్టి, రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కున్నాడు. నేను వెళ్ళిన ఏడు ఆ కారు నడిచినంతసేపూ కమురు వాసన వేసేది. ఆగగానే సన్నగా పొగ లేచేది. ఒక మరమ్మతు షాపువాళ్ళు విని, సరిగా చూడకుండానే, ‘‘ఇంజను అయిపోయింది. వచ్చిన ధరకు అమ్మెయ్యండి,’’ అన్నారు. మా వాడు దిగులుపడి, అమ్మటానికే సిద్ధపడ్డాడు.

పన్నెండేళ్ళ మా మనుమరాలు మాత్రం రోజూ బడినుంచి రాగానే ఆ కారు చుట్టూ తిరిగి చూసేది. ఒకనాడు, ‘‘నాన్నా, పొగ సైలెన్సర్లోంచి రావటం లేదు. కారు కిందినించి, అదీ ఎడమ పక్కనించే వస్తోంది,’’ అన్నది.

‘‘ఎక్కణ్ణించి వస్తే ఏమిటమ్మా, పొగ పొగే గదా!’’ అన్నాడు వాడు.

‘‘అట్లా అనకు. దానికీ దీనికీ చాలా తేడా ఉన్నది. పిల్ల చెప్పింది ఒకసారి చూడు,’’ అన్నాను నేను.

ఆ తేడా ఏమిటో చెబుతాను. ఇంజనాయిలు సిలిండరు లోపలికి పోయి పెట్రోలుతోపాటు కాలిపోతే, నీలిరంగు పొగ సైలెన్సరు గుండా వస్తుంది. అదే ఆయిలు ఇంజను బయటికి కారి, వేడెక్కిన పొగ గొట్టాల మీద పడి మాడితే, పొగ కారు కిందినించి లేస్తుంది. మొదటిది పెద్ద జబ్బు కావచ్చు. రెండవది చాలాసార్లు ఎక్కడో ఒక రబ్బరు ముసలిదయిందని చెప్పే గుర్తు.

ఆ కారు ఇంజనులో ఆరు సిలిండర్లు నిలబడి ఉండవు. పక్కకు మూడేసి చొప్పున పడుకుని ఉంటాయి. లోపలి పిస్టన్లు ముష్టియుద్ధం చేసేవాళ్ళ పిడికిళ్ళలాగా ఎదురుబొదురుగా కదులుతాయి. అందుకే దీన్ని బాక్సర్ ఇంజను అంటారు. జర్మనీ దేశపు కార్ల్ బెంజ్ 1890ల చివరలోనే ఇటువంటిది తయారుచేశాడు.

ఇందులో స్పార్క్ ప్లగ్గులు ఇంజనుకు రెండు పక్కలా ఉంటాయి. ఒక్కొక్క ప్లగ్గు చుట్టూ ఒక గొట్టం. గొట్టం బయట కామ్ షాఫ్టులు తిరుగుతూ ఆయిలు చిమ్ముతూ ఉంటాయి. గొట్టం లోపల వేల వోల్టుల విద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టాలి. ఇంజను నిమిషానికి 6,000 సార్లు తిరుగుతుంటే ఒక్కొక్క ప్లగ్గు సెకండుకు 50 రవ్వలు ఇస్తుంది. రెండు చుట్లకు ఒక రవ్వ. లెక్క మీరే వేసి చూడండి! ఆ ఆయిలును ఇటు రాకుండా ఆపేవి గొట్టానికి రెండు కొసలా ఉండే రబ్బరు ఉంగరాలు. వీటినే ఓ-రింగులు అంటారు.

ఆదివారంనాడు ఇంజను పూర్తిగా చల్లబడ్డాక, కారును జాకీతో ఎత్తి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, బ్యాటరీ తీగ విప్పారు. ఎడమ పక్క మొదటి కాయిలు పైకి లాగగానే దాని ముక్కు ఆయిలుతో తడిసి ఉన్నది. మనుమరాలి ముఖం వికసించింది. గొట్టంలో నిలిచిన ఆయిలును మొదట గుడ్డతో అద్దారు. లేకపోతే ప్లగ్గు విప్పగానే అది సిలిండరులోకి జారుతుంది. తరువాత గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ బయటికి లాగారు. దాని ఉంగరం వంచితే పుటుక్కున విరిగింది.

ఒకటి పాడయితే తక్కినవీ అదే వయసువే గదా! అందుచేత ఆరు గొట్టాలకూ పన్నెండు కొత్త ఉంగరాలు తొడిగారు. తొడిగేముందు వాటికి శుభ్రమైన ఆయిలు రాశారు. పొడిగా తోస్తే మెలిపడి చిరుగుతాయి. వారం రోజులు నడిపి మళ్ళీ చూస్తే, కాయిళ్ళు పొడిగా ఉన్నవి. వాసన పోయింది. కారు ఇంట్లోనే ఉండిపోయింది.

ఈనాడు మనకు తెలిసిన ఓ-రింగుకు అమెరికాలో పేటెంటు కోరిన నీల్స్ క్రిస్టెన్సెన్ డెన్మార్కులో పుట్టినవాడు. 1937లో ఆ దరఖాస్తు పెట్టేనాటికి ఆయనకు 72 ఏళ్ళు. ఆ ఉంగరమే రాకెట్లలోకీ వెళ్ళింది. 1986 జనవరి 28న చాలెంజర్ అనే అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకండ్లకే ధ్వంసమై, అందులోని ఏడుగురూ మరణించారు. ఆ ఉదయపు చలికి రాకెట్టు అతుకులోని ఓ-రింగు బిరుసెక్కి వేడి వాయువును ఆపలేకపోయింది. ఇక్కడ వేడి చేసిన పనిని అక్కడ చలి చేసింది. తరువాత విచారణలో రిచర్డ్ ఫైన్మన్ అనే శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను మంచునీళ్ళలో ముంచి అందరికీ చూపించాడు. అయితే, ఆ రబ్బరు చలికి తట్టుకోదని రాకెట్టు తయారుచేసిన సంస్థలోని ఇంజనీర్లు ముందురాత్రే హెచ్చరించారు. పైవాళ్ళు వారి మాట వినలేదు.

మా అబ్బాయి పన్నెండేళ్ళ పిల్ల మాట విన్నాడు. పెద్దలు గమనించవలసింది ఇదే. పిల్లలు గమనించవలసింది మరొకటి: ‘‘పొగ వస్తోంది’’ అని ఊరుకోకుండా, ఎక్కణ్ణించి, ఎప్పుడు, ఏ రంగుది అని చూసి చెప్పాలి. ఈసారి కుళాయి రబ్బరుగాని, కుక్కరు రబ్బరుగాని మార్చినప్పుడు, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి వంచి చూడండి. కారు దగ్గరికి మాత్రం పెద్దలు తోడు లేనిదే వెళ్ళకండి.