దేహాగ్ని – స్వేదజలం

అగ్ని ఆరిపోతే దేహం శవమవుతుంది. అగ్ని మితిమీరినా అదే గతి. ఈ రెంటి నడుమనే మన జీవనం. భగవద్గీత పదిహేనవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ తాను వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహాలను ఆశ్రయించి అన్నాన్ని పచనం చేస్తున్నానని సెలవిచ్చాడు. బాల్యం నుండి పఠిస్తున్న ఆ మాటకు భౌతికార్థం నాకు హోమకుండం వద్ద కంటె స్వామివారి వాహనం మోసే యువకుల భుజాల మీదనే స్పష్టంగా గోచరించింది.

శ్రమించే వేళ కండరాలు అన్నరసం నుండి గ్రహించిన శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే పనిగా పరిణమిస్తుంది. తక్కినదంతా ఉష్ణమే. విశ్రాంతిలో 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే అంతర్దేహ ఉష్ణోగ్రత తీవ్రశ్రమలో 39 వరకు పెరగడం సహజం. దానిని ఇంకా పెరగనీయకుండా కాచేది మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ అనే చిన్న భాగం. దాని ప్రేరణతో చర్మంలోని రక్తనాళాలు విప్పారి లోపలి వేడిని పైకి తెస్తాయి. స్వేదగ్రంథులు చెమటను స్రవిస్తాయి.

ఇక్కడొక సూక్ష్మం ఉన్నది. దేహాన్ని చల్లబరచేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆవిరి కావడం. ఒక లీటరు స్వేదం చర్మం మీద ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల ఉష్ణం దానితో వెళ్లిపోతుంది. నేలరాలిన బొట్టు వల్ల ప్రయోజనం దాదాపు శూన్యం. జలం వాయువులో లీనమైతేనే అగ్ని శాంతిస్తుంది. మరి వాయువే జలంతో నిండి ఉంటే? మా గోదావరి సీమలో వైశాఖమాసపు ఉక్కపోత అటువంటిది. ఒళ్లంతా తడిసిపోతుంది, చల్లదనం మాత్రం రాదు. పైగా చెమటగా నీరు పోయినకొద్దీ రక్తం తగ్గుతుంది. ఆ తగ్గిన రక్తాన్నే కండరాలకూ చర్మానికీ పంచవలసిన గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది.

గత వైశాఖంలో కల్యాణోత్సవపు ఊరేగింపు నడుమ ఒక యువకుడు తడబడుతూ పొంతన లేని మాటలు పలకసాగాడు. కొందరు పూనకమన్నారు, హారతి ఇమ్మన్నారు. వాహనసేవలో తల నెరిసిన బోయీ ఒకరు అతని మెడ మీద చేయి వేసి చూసి, “అయ్యగారూ, ఒళ్లు పెనంలా కాలిపోతుందండి. ముందు నీళ్లు కుమ్మరించాలండి” అన్నాడు. బోయీల పాదాలు కడగడానికి ఇంటింటి వాకిట ఉంచిన బిందెల నీటినే అతని తల నుండి పాదాల వరకు పోశాం. స్వామివారి వింజామరతో నేను వీచాను. అపచారమని ఒకరన్నారు. వైశ్వానరుడై ఆ దేహంలో ఉన్నది కూడ ఆ స్వామియే కదా అని చెప్పి వీస్తూనే ఉన్నాను. ఆసుపత్రిలో మూడు రోజులుండి అతడు క్షేమంగా ఇల్లు చేరాడు.

అంతర్దేహ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మతి చెదిరితే అది వడదెబ్బ, ప్రాణాంతకం. తక్షణం చల్లబరచడమే మొదటి చికిత్స. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

ఆ యువకుడు బలహీనుడు కాడు. హైదరాబాదులో ఏసీ గదిలో ఉద్యోగం చేస్తూ ఉత్సవానికి ముందురోజే వచ్చాడు. వేడిలో శ్రమించడానికి దేహం అలవాటు పడాలంటే ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధి అతనికి లేదు. పైగా సేవ ముగిసేవరకు మంచినీరు ముట్టనని నియమం పట్టాడు.

ఈ సంవత్సరం ఊరేగింపును సూర్యాస్తమయం తరువాతకు మార్చాలని, బోయీలు వంతులవారీగా మోయాలని, ప్రతి మజిలీలోనూ ఉప్పు కలిపిన మజ్జిగ స్వీకరించాలని నేను విన్నవించాను. సంప్రదాయం చెడుతుందని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. వారికి నా సమాధానం శాస్త్రం నుండే. అష్టాంగహృదయం వ్యాయామాన్ని ప్రశంసిస్తూనే, బలవంతులు సైతం అర్ధశక్తి మేరకే, అదీ శీతకాల వసంతాలలోనే చేయాలనీ, తక్కిన ఋతువులలో తగ్గించుకోవాలనీ విధించింది. కల్యాణానికి ముహూర్తం ఉన్నది, దానిని ఎవరూ కదపరు. మా ఆలయంలో ఊరేగింపు వేళ మాత్రం సౌకర్యాన్ని బట్టి పెద్దలు ఏర్పరచినదే.

ఉపవాసం ఇంద్రియనిగ్రహం కోసం. దాహం మాత్రం ఇంద్రియలౌల్యం కాదు. లోపలి అగ్నిని కాపాడే జలం తరిగిపోతున్నదని దేహం చేసే నివేదన. దానిని ఆలకించడం కూడ ఆరాధనయే. ఈ వైశాఖంలో వాహనం ముందు నడిచేటప్పుడు తీర్థపాత్రతో పాటు మజ్జిగ కడవను కూడ వెంట తీసుకువెళతాను. మొదటి గ్లాసు ఆ యువకునికే అందిస్తాను.

స్వస్తి.