అనుమానము – ఋజువు

అపరాధ పరిశోధక నవలలన్నచో మన విద్యావంతుల గృహములలో నేటికిని కొంత చిన్నచూపు కలదు. కావ్యములను అద్దపు బీరువాలో నిలిపి, ఈ నవలలను తలగడ క్రింద దాచుకొను ఆచారము రెండు మూడు తరములుగా వచ్చుచున్నది. దాచుకొనువారు చదువక మానలేదు. చదివినవారు మెచ్చక మానలేదు. నలుగురిలో ఆ మాట చెప్పుటకు మాత్రము వెనుదీయుదురు. ఓరుగంటిలో నివసించుచు, ఇట్టి నవలలనే వ్రాసి, అచ్చువేయించి, అమ్ముకొనుచున్న మాకు ఈ చిన్నచూపు అలవాటైనది. అయినను మేము దినదినము చేయు పని యెట్టిదో, పుస్తకమును అంగడికెక్కించునపుడు మాకెదురగు పరీక్ష యెట్టిదో విన్నవించుట అవసరమని తోచినది. ఇది మా జీవనోపాధికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు.

ఈ జాతి కథ మనకు పరాయి యింటినుండియే వచ్చినది. అమెరికాలో ఎడ్గార్ ఆలన్ పో 1841లో దారి తీసెను. 1887లో కోనన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్సును లోకమునకు చూపెను. ఇరువదవ శతాబ్దపు తొలిపాదములో పాంచ్‌కడీ దే మొదలగు వంగ రచయితల కథలు తెలుగులోనికి దిగినవి. తరువాత కొమ్మూరి సాంబశివరావుగారు (1926–1994) యుగంధరుని, అతని సహాయకుడు రాజును సృష్టించి వేలకొలది యిండ్లలో దీపము ఆర్పనీయక చదివించిరి. ఆరుద్రగారంతటి కవియు డిటెక్టివు నవలలు వ్రాయుటకు నామోషీపడలేదు. కథ పరాయిదైనను ఋజువుల విద్యలో మనవారి పాలు తక్కువ కాదు. వ్రేలిముద్రలను వర్గీకరించి భద్రపరచు కార్యాలయము కలకత్తాలో 1897లోనే వెలసినది. ఆ వర్గీకరణ పద్ధతికి గణితపు పునాది వేసినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మన దేశపు ఉద్యోగులే.

మేము తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి ఏడింటివరకు వ్రాయుదుము. ఆ మూడు గంటలలో రెండు పుటలు తెగినచో ఆ దినము సుదినము. తక్కిన పగలంతయు విచారణకే చెల్లును. ఇంగ్లీషు నవలలు చదివి కథ కట్టువారికి ఈ విచారణయొక్క అగత్యము తెలియదు. మృతదేహము బిగుసుకొని మరల సడలుటకు పట్టు కాలము చలిదేశములో ఒక తీరు, మన వైశాఖ జ్యేష్ఠములలో మరియొక తీరు. ఎండ నలుబది డిగ్రీలు దాటిన దినమున ఆ బిగువు త్వరగా వచ్చి త్వరగా విడిచిపోవును. లండను లెక్కను తెచ్చి హనుమకొండలోని డాబాయింటికి అతికించినచో, నిరపరాధి చేతికి సంకెళ్లు పడును. అందుచే మేము వైద్యులను, వకీళ్లను, పదవీ విరమణ చేసిన పోలీసువారిని ఓపికగా అడిగి తెలిసికొందుము. ఒక్క వాక్యముకొరకు వారము దినములు తిరిగిన సందర్భములు కలవు.

విషము సంగతి మరింత సున్నితము. ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆసుపత్రి మందులగదిలో పనిచేసి విషముల గుణములు నేర్చెను. అచ్చట విషము కథకునికి ఒక చమత్కారము. మాకట్లు కాదు. మాది ప్రత్తి పండు సీమ. ఎనుమాముల మార్కెట్టుకు ప్రత్తి బస్తాలు వచ్చు త్రోవలోనే పురుగుమందుల దుకాణములు బారులు తీరియున్నవి. 1997–98లో పంట పోయి, అప్పులు మిగిలి, ఈ జిల్లా రైతులు అనేకులు పంటపై చల్లవలసిన మందునే త్రాగి ప్రాణములు విడిచిరి. ఆ వాసన తెలిసిన ఇండ్లలో మా నవల చదువబడును. కావున విషముయొక్క పేరును, మోతాదును వ్రాయకూడదని మేమొక నియమము పెట్టుకొంటిమి. దానివలన కథకు కొరత రాలేదు. ఎవరు, ఏల, ఎట్లు తెలిసినది అనునవి కథకు ముఖ్యము. ఎన్ని చుక్కలనునది కాదు.

ఇక శాస్త్రము. 2024 జూలై 1 నుండి దేశములో క్రొత్త నేరచట్టములు అమలులోనికి వచ్చినవి. పాఠకుల నోట నానిన ‘త్రీ నాట్ టూ’ ఆనాటినుండి జరిగిన హత్యలకు చెల్లదు. భారతీయ న్యాయ సంహితలో హత్యకు శిక్ష 103వ సెక్షనున ఉన్నది. 1872 నాటి సాక్ష్య చట్టమునకు బదులు భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది. అంకెలు మారినను ఒక సూత్రము మారలేదు. నిందితుడు పోలీసు అధికారి యెదుట చేసిన ఒప్పుకోలు అతనికి వ్యతిరేకముగా ఋజువు కానేరదు. పాతదానిలో ఇది 25వ సెక్షను, క్రొత్తదానిలో 23వ సెక్షను. నిందితుడు చెప్పిన మాటవలన ఏదేని వస్తువు బయటపడినచో, దానికి సంబంధించినంత మేరకే ఆ మాట చెల్లును. ఈ సూత్రము ఊరక పుట్టినది కాదు. మద్రాసు రాజధానిలో పన్ను రాబట్టుటకును, నేరము ఒప్పించుటకును జనులను చిత్రహింసలు పెట్టుచుండిరని 1855లో విచారణ సంఘమువారు తేల్చిరి. ఆ రాజధానిలో మన తెలుగు జిల్లాలును చేరియుండెను. పిదప 1861 నాటి నేర విచారణ చట్టమున ఈ కట్టుబాటు చోటుచేసికొన్నది. దెబ్బలు తిన్నవారి బాధలోనుండి పుట్టిన సూత్రమిది.

కాని మన నవలలలోను, చలనచిత్రములలోను చివరి ఘట్టమెట్లుండును? ఇన్‌స్పెక్టరు చొక్కాచేతులు మడచును. నాలుగు దెబ్బలు పడును. నేరస్థుడు ఏకరువు పెట్టును. చదువరి తృప్తితో పుస్తకము మూయును. మేమట్టి ఘట్టమును వ్రాయము. దెబ్బకు వచ్చిన మాట దెబ్బనే తెలుపును, నిజమును తెలుపదు. ఈ పట్టుదల మా పుస్తకములకు కొంత నష్టమే తెచ్చినది. అంగడివారు మొట్టమొదట వెదకునది ఆ ఘట్టమునే.

అమ్మకము సంగతి విన్నవించెదము. వెయ్యి ప్రతులు అచ్చువేయించి ఇంటికి తెచ్చుకొనుటతో రచయిత పని ముగియదు. ఆ దినముననే రెండవ వృత్తి ఆరంభమగును. దుకాణదారుకు నూటికి నలుబది తగ్గింపు నీయవలెను. అమ్మిన సొమ్ము చేతికి వచ్చుటకు ఏడాదియు పట్టవచ్చును. కావున మేమే సంచి భుజమున తగిలించుకొని కాజీపేటలో రైలెక్కుదుము. మడికొండ, జనగామ, మహబూబాబాదు, ఖమ్మము తిరుగుదుము. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనమున ఒక మిత్రుని బల్లపై జానెడు చోటు అడిగి కూర్చుందుము. ఇందులో సిగ్గుపడవలసినదేమియు లేదు. ఈ సీమలో పుస్తకమును మోసికొని తిరిగిన మహనీయులు మాకంటె ముందే కలరు. ఒద్దిరాజు సోదరులు 1922లో ఇనుగుర్తి యను పల్లెనుండి తెనుగు పత్రికను నడిపిరి. దేశోద్ధారక గ్రంథమాలను 1938లో స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఊరూర తిరిగి, ఇల్లిల్లు తట్టి పుస్తకములమ్మిరి. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయము 1904లో వెలసినది. తెలుగు చదువునకు దొరతనపు ఆదరము లేని కాలమున జనులే పెంచుకొన్న నిలయమది. వారు మోసిన పుస్తకముల యెదుట మా పుస్తకము చిన్నదే. మోయు త్రోవ మాత్రమదియే.

ప్రచారమున నేడు క్రొత్త పోకడలు పుట్టినవి. కథ నంతయు ముప్పది సెకండ్ల వీడియోగా చెప్పుమనువారొకరు. అట్టపై రక్తపు మరకను, దానిప్రక్క అరకొర బట్టలతో ఆడుదాని బొమ్మను వేయుమనువారొకరు. ఆ నవలలో చంపబడినది అరువదేండ్ల బడిపంతులు. ఆడుదాని బొమ్మ ఏల అని అడిగితిమి. ‘కథల లేకున్నా అట్టమీద ఉండాలె సార్’ అని సమాధానము. నవ్వి ఊరకుంటిమి. కాని రెండేండ్ల క్రిందట ఒక పంపిణీదారు చెప్పిన ఉపాయము నవ్వి విడువదగినది కాదు.

మా ప్రాంతముననే కొంతకాలము క్రిందట ఒక హత్య జరిగినది. ఒకని నిందితునిగా పట్టిరి. న్యాయస్థానము విచారించి, నేరము ఋజువు కాలేదని విడిచిపెట్టినది. అతడు నేటికిని ఆలుబిడ్డలతో అచ్చటనే యున్నాడు. అతని వెనుక జనుల గుసగుసయు నున్నది. మా నవలకును ఆ కేసునకును ఏ సంబంధమును లేదు. అయినను ఆ పెద్దమనిషి మాతో ననెను: ‘సార్, ఇది మన ఊరి కేసే అని అట్టమీద ఒక్క ముక్క వేయుండ్రి. పేరు వద్దు. జనమే అర్థం చేసుకుంటరు. నెలల వెయ్యి కాపీలు నేను అమ్మి పెడ్త.’ అతడు దుర్మార్గుడు కాడు, వ్యాపారము తెలిసినవాడు. అతని లెక్కయు సరియైనదే. అనుమానమును అమ్మినంత సులభముగా దేనిని అమ్మవచ్చును? కొనువాడు దానిని ముందే సగము నమ్మియుండును. మేము వల్ల కాదంటిమి. ఆ ఏడు ఆరు వందల ప్రతులు మా అటకపై మిగిలినవి. మా ఇల్లాలు వాటిని చూచి, ‘ఇవి మన మీద పడి మనం పోతే అదొక నవల అయితది’ అని పరిహసించినది గాని, ఆ ఒక్క ముక్క వేయవలసినదని ఏనాడును అనలేదు.

ఆ నిర్ణయముయొక్క విలువ మాకు పూర్తిగా తెలిసినది ఒక పల్లెలోని గ్రంథాలయమున. ఇరువదిమందికి మించని ఆ సభలో, మా నవలను ముందే చదివిన ఒక వృద్ధురాలు లేచి తన పినతల్లి కథ చెప్పినది. ఆమె చిన్నతనమున వాడలో ఇద్దరు పిల్లలు వాంతులతో, విరేచనములతో రెండు దినములలో పోయిరట. పిల్లలు లేని ఆ పినతల్లి బాణామతి చేసినదని ఎవరో అనిరి. పదిమంది కూడి కొట్టిరి. కొట్టగా కొట్టగా ఆమె ‘నేనే చేసిన’ అని ఒప్పుకొన్నదట. ఒప్పుకొన్నది గనుక అందరికిని నమ్మకము కుదిరినది. పండ్లు ఊడబెరికి ఊరు వెళ్లగొట్టిరి. ఆ వానకాలముననే చేదబావిలో మురుగు కలియుచున్నదని బయటపడినది. అప్పటికామె యెక్కడ నున్నదో ఎవరికిని తెలియదు. వృద్ధురాలు కంట తడిపెట్టలేదు. ‘గప్పుడు మా ఊర్ల ఒక్కలన్న నీకెట్ల ఎరుక అని అడిగుంటే మా చిన్నమ్మ బతికేది సారూ. నీ పుస్తకంల గా పోలీసాయన అందర్ని గదే అడుగుతడు’ అని కూర్చున్నది.

ఆనాటి సభలో అమ్మినవి ఏడు ప్రతులు.

తెలంగాణపు పల్లెలలో బాణామతి పేర, చేతబడి పేర అనుమానితులను కొట్టిన, పండ్లు ఊడబెరికిన, ప్రాణములే తీసిన దారుణములు మన పత్రికలలో ఎన్నిమారులో చదివితిమి. అవన్నియు అపరాధ పరిశోధనలే. పరిశోధన లేని అపరాధ పరిశోధనలు. మరణమున్నది, నిందితుడున్నాడు, ఒప్పుకోలున్నది, శిక్షయు నున్నది, ఋజువొక్కటియే లేదు. చదువుకొన్నవారమగు మనమును ఈ పల్లెవారికంటె ఎంతో దూరమున లేము. పొరుగింట నగ పోయినచో పనిమనిషి పేరు ముందుగా మన నోటికే వచ్చును. ఫోనులో వచ్చిన ఒక వార్తను చూచి, ముక్కుమొగము తెలియనివానిని హంతకుడని నిశ్చయించి పదిమందికి పంపుదుము. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అను సామెతను ఇట్టి వేళలనే వాడుదుము.

మంచి అపరాధ పరిశోధక నవల ఈ తొందరకు కళ్లెము వేయును. మొదటి ప్రకరణమున ఎవరిపై మనకు ఏవగింపు కలుగునో అతడు నిరపరాధియని చివరకు తేలును. ఒకమారు కాదు, నూరుమారులు ఇట్లు మనము ఓడిపోవుదుము, ఓడి సంతసింతుము. తన అనుమానము తప్పైనందుకు మనిషి సంతసించు చోటు లోకమున ఇంకెక్కడ నున్నది? నీతిగ్రంథములు ‘తొందరపడి నిందింపకుము’ అని బోధించును; ఈ నవల తొందరపడనిచ్చి, పిదప తప్పును మన కన్నుల యెదుట నిలుపును. ఇట్టి పుస్తకముపై అనుమానమునే ఎరగా వేసి అమ్ముట, మందుసీసాపై విషపు చీటీ నంటించుట వంటిది.

కావున గృహస్థులకు మా మనవి యొక్కటే. ఇట్టి నవల ఇంటికి వచ్చినచో పిల్లలకు దాచకుడు. వారితో కూడి చదువుడు. చివరి ప్రకరణమునకు ముందు ఒక దినమాగి, హంతకుడెవరని వారినడుగుడు. వారు తప్పక ఒక పేరు చెప్పుదురు. అది సరియైన పేరైనను మెచ్చుకొనుటకు తొందరపడక, ‘నీకెట్ల ఎరుక?’ అని మరల నడుగుడు. పేరు ఎవరైనను చెప్పగలరు. ఈ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పుటకు అలవడిన బిడ్డ రేపు నలుగురు కూడి ఒకని వేలెత్తి చూపునపుడు, ఒంటరిగానైనను నిలిచి ఆ ప్రశ్నయే వేయును.