నడిచేకొద్దీ పెరిగే పెట్రోలు

నల్గొండ జిల్లాలో పెరిగినవాళ్ళకి మీటరు చదవడం చిన్నప్పుడే అలవాటవుతుంది. పొద్దున్నే పేపర్లో సాగర్ నీటిమట్టం చూస్తాం. 590 అడుగులకి ఇవాళ ఎంత ఉంది? 1967 ఆగస్టు 4న కాలువలకి నీళ్ళు వదిలారు. అప్పటినుంచీ నాట్లు, అప్పులు, పెళ్ళి ముహూర్తాలు అన్నీ ఆ అంకెని చూసుకునే. వానలు రాలేదని తిట్టుకున్నవాళ్ళున్నారు, గేట్లు ఎత్తలేదని తిట్టుకున్నవాళ్ళున్నారు. ఆ అంకె అబద్ధమేమో అన్నవాళ్ళని మాత్రం నేను చూడలేదు.

మాది తిరుమలగిరి. సికింద్రాబాద్‌లోది కాదు, సూర్యాపేట జిల్లాలోదీ కాదు. కాగితాల్లో పక్కన బ్రాకెట్టు పెట్టి సాగర్ అని రాస్తారే, అది. రిజర్వాయరు కళ్ళెదుటే ఉంటుంది. పొలాలేమో ఎత్తు మీద, బోర్ల దయ మీద. రెండు బోర్లు ఎండిపోయాక మా బావ ఆ నీళ్ళమీదే ఏదో ఒకటి చేద్దామనుకున్నాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక ఫైబర్ పడవ కొన్నాడు. దానికి వెనక రెండు కొత్త ఔట్‌బోర్డ్ ఇంజిన్లు, ఒక్కొక్కటి 40 హార్స్‌పవర్. అవతలి ఒడ్డు నుంచి చేపలు తేవడం, అడిగినవాళ్ళకి కిరాయికి తిప్పడం. అక్క బంగారం బ్యాంకులో ఉంది.

అక్కకి పడవ అంటే రెండు తేదీలు గుర్తొస్తాయి. 2017 నవంబర్ 12, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో. 2019 సెప్టెంబర్ 15, కచ్చులూరు దగ్గర గోదావరిలో. ఆ రెండు ప్రమాదాలకీ మీటర్లతో సంబంధం లేదు. అయినా లైఫ్ జాకెట్లు తనే లెక్కపెట్టింది, నాకు ఫోన్ కూడా తనే చేసింది. "మీ బావ నవ్వుకుంట చెప్తున్నడుగానీ నాకు మంచిగ అనిపిస్తలేదురా. ఒకసారి వచ్చి సూడు."

బావ నవ్వుతూ చెప్పింది ఇదీ: "బామ్మర్దీ, ట్యాంకు నింపితే మీటరు పదమూడు అంటది. నడిచినకొద్ది పెట్రోలు పెరుగుతున్నది. ఇట్ల నాలుగు రోజులు నడిస్తే బంకు పెట్టొచ్చు."

నేను వెళ్ళేసరికి ఫిర్యాదులు నాలుగయ్యాయి. పెట్రోలు మీటరు ఉల్టా. ఇంజిన్ స్టార్ట్ చెయ్యగానే మీటర్లన్నీ ఒకసారి ఆరిపోయి మళ్ళీ వెలుగుతున్నాయి. రెండు ఇంజిన్లూ నడుస్తుంటే ఎడమ మీటరు ముల్లు గంతులేస్తోంది, కుడి మీటర్లో ఉత్త గీతలు. అప్పుడప్పుడు అన్నిటిలోనూ గీతలే. ఇంజిన్లు బిగించి వెళ్ళినవాళ్ళని అడిగితే "మా దగ్గర చూసినప్పుడు బాగానే ఉంది సార్" అన్నారు. తర్వాత తెలిసింది, అది నిజమే. దాని సంగతి చెప్తాను.

హాలియాలో ట్రాక్టర్లకీ లారీలకీ వైరింగ్ చేసే ఒకాయనని బావ పిలిపించాడు. నేను లాప్‌టాప్ తీస్తుంటే ఆయన "ముందు ఎర్త్ సూద్దాం తమ్మీ" అని మల్టీమీటరు తీశాడు. ఇంజిన్ తిప్పుతూ కొలిస్తే బ్యాటరీ దగ్గర 10.8 వోల్టులు, మీటరు దగ్గర 8.9. మధ్యలో దాదాపు రెండు వోల్టులు తినేస్తున్నది ఎవరు? సీటు కింద, సన్న వైరుని మెలేసి టేపు చుట్టిన ఒక నల్ల జాయింటు. ఈ రకం మీటర్లు 9 వోల్టుల దాకా తట్టుకుంటాయి, ఆ లోపుకి పడితే ఆరిపోయి మళ్ళీ మొదలవుతాయి. లావు వైరు వేసి, లగ్గులు నొక్కి బిగించాక ఆ జబ్బు పోయింది. పావుగంట పని. నేను లాప్‌టాప్ మూసి టార్చి పట్టుకున్నాను.

మిగతావి అర్థం కావాలంటే ఈ మీటర్ల సంగతి కొంచెం తెలియాలి. పాత పడవల్లో ఒక్కో మీటరుకి ఒక్కో వైరు. ఇప్పుడు అలా కాదు. పడవ పొడుగునా దండెంలాగా ఒకే కేబుల్ ఉంటుంది, ఇంజిన్లూ ట్యాంకూ మీటర్లూ అన్నీ దానికే వేలాడతాయి. ఎరుపు, నలుపు వైర్లు కరెంటుకి; తెలుపు, నీలం మాటలకి. ఎవరికి చెప్పాల్సింది ఉంటే వాళ్ళు దండెం మీద అరుస్తారు, కావలసినవాళ్ళు వింటారు. బాష్ కంపెనీ కార్ల కోసం తయారుచేసి 1986లో బయటపెట్టిన క్యాన్ బస్ ఇది. దాని మీద పడవలవాళ్ళు కట్టుకున్న పద్ధతి పేరు ఎన్‌ఎంఇఎ 2000. కొత్త లారీల్లోనూ దీని చుట్టమే ఉంటుంది కాబట్టి హాలియా ఆయనకి నాకంటే ముందే తెలుసు. పేర్లు తెలియవు, అంతే. ఆయన తెలుపుకీ నీలానికీ మధ్య, స్విచ్ ఆపేసి, ఓములు కొలిచాడు. "అరవై రావాలె, నూటఇరవై వస్తున్నది. ఒక బిరడా లేదు."

దండెం రెండు చివర్లా 120 ఓముల రెసిస్టరు ఒక్కొక్కటి ఉండాలి. రెండూ ఉంటే కలిపి 60 చూపిస్తుంది. ఎందుకు ఉండాలి అని బావ అడిగాడు. ఇంజినీరింగ్‌లో నాలుగు మార్కులకి రాసిన జవాబు నోట్లోకి వచ్చింది గానీ దానివల్ల ఆయనకేం ఒరగదు. ఎదురుగా నీళ్ళే ఉన్నాయి కదా. ఆనకట్ట గోడకి కొట్టిన అల వెనక్కి తిరిగొచ్చి వచ్చే అలని చెడగొడుతుంది. మన ఒడ్డులాగా ఏటవాలుగా ఉన్నచోట అల పాకి పాకి అక్కడే చచ్చిపోతుంది. ఆ బిరడా ఏటవాలు ఒడ్డన్నమాట. అది లేకపోతే మాట వెనక్కి తన్ని పక్కమాటని పాడుచేస్తుంది. పడవ చిన్నది, కేబుల్ పొట్టిది కాబట్టి ఒక్కదానితోనూ చాలాసేపు నడిచిపోతుంది. అందుకే గీతలు అప్పుడప్పుడే. రెండో బిరడా మీటర్లొచ్చిన అట్టపెట్టెలో, చింపని కవర్లో దొరికింది.

గంతులేసే ముల్లు సంగతి నా రంగంలోది. దండెం మీద ప్రతి ఇంజినూ తన పేరు చెప్పుకోవాలి: ఎడమది 0, కుడిది 1. కొత్తగా వచ్చినప్పుడు అన్నీ 0 అనే చెప్పుకుంటాయి. ఇక్కడ రెండూ 'నేనే ఎడమ ఇంజిన్‌ని' అంటున్నాయి. ఒకటి 900 తిరుగుతూ, ఇంకొకటి 1,400 తిరుగుతూ ఉంటే పాపం ఆ ముల్లు ఏం చేస్తుంది? రెండు థ్రాటిల్స్ సమానంగా తోస్తే మాత్రం గంతులు ఆగిపోయి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నన్ను భయపెట్టింది ఇదే. రేపు ఒక ఇంజిన్ వేడెక్కితే అలారం మోగుతుంది, పక్కది నేను బాగానే ఉన్నానంటుంది, అలారం ఆగుతుంది, మళ్ళీ మోగుతుంది. ఏ ఇంజిన్ ఆపాలో చెప్పేవాళ్ళుండరు. ఒకదాని ప్లగ్గు పీకేసి, రెండోదాని నంబరు 1 అని మార్చి, మళ్ళీ తగిలించాం.

ఇక పెట్రోలు. ట్యాంకులో తేలే బెండు ఒక రెసిస్టరుని కదుపుతుంది. లోకంలో దీనికి రెండు ఆచారాలున్నాయి. అమెరికా లెక్కలో ఖాళీ ట్యాంకు 240 ఓములు, నిండితే 33. యూరప్ లెక్కలో ఖాళీ 10, నిండితే 180. ఒకటి దిగుతుంది, ఒకటి ఎక్కుతుంది. బావ ట్యాంకులోది అమెరికా బెండు. మీటరు సెట్టింగేమో యూరప్‌ది. ట్యాంకు నింపితే 33 ఓములు. మీటరు లెక్కలో అది నూటికి 13. ఖాళీ అయ్యేకొద్దీ ఓములు పెరుగుతాయి, 180 దాటాక నూటికి నూరు. పూర్తిగా ఎండితే 240, అప్పుడూ నూటికి నూరే.

సగం ట్యాంకు దగ్గర చూడండి. అమెరికా బెండు సగంలో సుమారు 103 ఓములు చూపిస్తుంది. యూరప్ లెక్కలో అది నూటికి 55. అంటే సగం ఉన్నప్పుడు ఈ మీటరు దాదాపు నిజం చెబుతుంది. పడవ అప్పజెప్పిన రోజు ట్యాంకులో సగమే ఉందట. అందుకే వాళ్ళు చూసినప్పుడు బాగానే ఉంది.

నేను పుస్తకాల మీద రాస్తుంటాను. నమ్మదగని కథకుడిని మెచ్చుకుంటూ ఇక్కడే రెండు సమీక్షలు రాసినట్టు గుర్తు. పెట్రోలు దగ్గర ఆ రుచి పనికిరాదు. క్యాన్ బస్‌లో ప్రతి మాటకీ తోకలో 15 బిట్ల సరిచూపు ఉంటుంది, దారిలో ఒక్క అక్షరం చెడినా విన్నవాళ్ళు ఒప్పుకోరు. ఇక్కడ దారిలో ఏమీ చెడలేదు. తప్పు ట్యాంకు మూత దగ్గరే పుట్టి, ఒక్క బిట్ కూడా పోకుండా, నీలం వెలుతురులో, దశాంశంతో సహా వచ్చి కూర్చుంది. పాత ముల్లు మీటరు చెడితే వణికేది, ఇరుక్కుపోయేది, చూడగానే రోగిలా ఉండేది. ఇది తప్పు చెబుతున్నప్పుడు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకునే ఉంది.

బావకి దీనివల్ల ప్రమాదం లేదు. ఆయన దగ్గర కత్తితో గాట్లు పెట్టిన వెదురు కట్టె ఉంది, ట్యాంకులో ముంచి చూస్తాడు. అందుకే నవ్వగలిగాడు. పడవ నడపడానికి పెట్టుకున్న పిల్లగాడి సంగతి వేరు. పంతొమ్మిదేళ్ళు, చెయ్యి మంచిది, కట్టె ముంచడం ముసలాళ్ళ పని అనుకుంటాడు. నేను రావడానికి మూడు రోజుల ముందు, గాలి లేస్తున్న సాయంత్రం, "ఫుల్లున్నది అన్నా, అవతలికి పోయి జల్దీ వస్త" అని తాడు విప్పాడట. మీటరు నూరు చూపిస్తోంది. బావ ఎందుకో కట్టె ముంచాడు. కొస మాత్రమే తడిసింది. ఈ ముక్క బావ నాకు పడవలో చెప్పాడు, ఇంట్లో చెప్పలేదు. అక్కకి ఎలా తెలిసిందో తెలియదు, తెలుసు మాత్రం.

సెట్టింగు మార్చడం రెండు నిమిషాల పని. ట్యాంకు లెక్క నేర్పడానికి మాత్రం రోజంతా పట్టింది. పడవ ట్యాంకు అడుగున ఇరుకు, పైన వెడల్పు. బెండు సగం ఎత్తులో ఉందంటే పెట్రోలు సగం ఉందని కాదు. మొత్తం క్యాన్లలోకి తోడేసి, ఇరవై లీటర్లు పోసి, కట్టె ముంచి గాటు పెట్టి, మీటరుకి 'ఇది ఇరవై' అని చెప్పి, మళ్ళీ ఇరవై. పోసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపాలి, మూతలు తెరిచి వాసన పోయేదాకా ఆగాలి, అప్పుడే మీటరు వెయ్యాలి. వాసన పోవాలని ఒడ్డున కూర్చున్నప్పుడల్లా హాలియా ఆయన బీడీ కోసం వంద గజాలు నడిచి వెళ్ళొచ్చేవాడు. గాట్లు పెట్టే పని పిల్లగాడికి ఇచ్చాం. ఐదో గాటుకి వచ్చేసరికి అంకె ముందే చెప్పడం మొదలుపెట్టాడు, ఒకటి రెండు లీటర్ల తేడాలో.

వచ్చే ముందు ఒక కాగితం మీద అన్నీ తెలుగులో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫ్యూజుల పెట్టె మూత లోపల అంటించాను. ఏ రంగు వైరు దేనికి, బిరడాలు ఎక్కడ, ఎన్ని ఓములు రావాలి, బెండు ఏ రకం, ఏ ఇంజిన్ నంబరెంత. బావ అంతా చదివి ఒక్కచోట ఆగాడు. "సున్నా ఏంది? ఉన్న ఇంజిన్‌ని సున్నా అంటరా ఎవరన్నా?" లెక్క సున్నాతోనే మొదలవుతుందని చెప్పి చూశాను. మొన్న పంపిన ఫోటోలో ఇంజిన్ల మీద ఎర్ర పెయింటుతో పెద్దగా 1, 2 అని రాసి ఉంది. కాగితం మీద నా గీతలు కొట్టేసి పిల్లగాడి చేతిరాతతో ఇలా ఉంది: ఒకటో ఇంజిన్ మీటర్ల సున్నా, రెండో ఇంజిన్ మీటర్ల ఒకటి, సార్ పెట్టిండు.