లాగ్‌బుక్కులో లేని మాట

ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని ఉద్యోగంలో చేరిన కొత్తలో, సమాచారమంటే పై నుండి కిందికి పారే నీరు వంటిదని మేము భావించేవారము. సర్క్యులరు నోటీసు బోర్డుకు ఎక్కిందంటే విషయం అందరికీ అందినట్లేనని మా నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక రాత్రి షిఫ్టు సడలించింది.

అప్పట్లో మేము వేరొక కర్మాగారంలో పనిచేసేవారము. మా తండ్రిగారి ఈడు ఖలాసీ ఒకాయన మా గదికి వచ్చి, "సార్, రెండో పంపు చప్పుడు మారిందండీ" అన్నాడు. మేము లాగ్‌బుక్కులోని అంకెలు చూచి, తలయెత్తకుండానే, "రీడింగులన్నీ సరిగానే ఉన్నాయి. నువ్వెళ్లి నీ పని చూసుకో" అన్నాము. తెల్లవారుజామున ఆ పంపు బేరింగు పట్టేసింది. కప్లింగు పగిలి, ఒక ముక్క ఎగిరివచ్చి ఆయన పాదానికే తగిలింది. ఆరు వారాలు మంచాన ఉన్నాడు.

విచారణలో, "ముందుగా ఏమైనా గమనించావా?" అని అడిగారు. ఆయన మా వైపు ఒకసారి చూచి, "లేదండీ" అన్నాడు. మేము కూడా నోరు విప్పలేదు.

చాలా ఏండ్ల తరువాత ఒక శిక్షణ తరగతిలో పాఠం చెప్పవలసి వచ్చి, సంస్థల అంతర్గత సమాచార వ్యవహారాలపై జరిగిన పరిశోధనలను చదివాము. ఫ్రాన్సుకు చెందిన గనుల ఇంజనీరు హెన్రీ ఫేయోల్ 1916లోనే, రెండు విభాగాల ఉద్యోగులు ప్రతి చిన్న విషయానికీ పైమెట్టు ఎక్కి దిగనక్కరలేకుండా, అధికారుల సమ్మతితో నేరుగా మాట్లాడుకొనే 'వంతెన'ను సూచించాడు. తరువాత అమెరికాలోని హాథోర్న్ కర్మాగారంలో 1928 నుండి 1930 వరకు ఇరవై వేలకు పైగా కార్మికులను ఇంటర్వ్యూ చేశారు. మొదట తయారుచేసుకొన్న ప్రశ్నలే అడిగిన పరిశోధకులు, క్రమంగా వాటిని పక్కన పెట్టి, కార్మికుడు చెప్పదలచినదే వినసాగారు. పరిశోధన దృష్టి ఆజ్ఞ నుండి ఆలకింపునకు మళ్లుతున్న తీరు ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై 167 మంది మరణించారు. మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వును తీసివేసిన సంగతి రాత్రి షిఫ్టువారికి తెలియలేదు. వారు ఆ పంపును నడిపించబోయారు. షిఫ్టు మారే వేళ చేరని ఒక్క మాట ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

1990ల నుండి పరిశోధకులు మౌనాన్నే పరీక్షించనారంభించారు. ఆసుపత్రులలో అధ్యయనం చేసిన ఏమీ ఎడ్మండ్‌సన్‌కు, మంచి బృందాలలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదై కనబడ్డాయి. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం కాదు, వాటిని చెప్పుకొనే ధైర్యం ఎక్కువ ఉండడమే కారణం కావచ్చునని ఆమె భావించారు. 2000లో మారిసన్, మిలికెన్ అనే పరిశోధకులు, చెప్పినా ప్రయోజనం లేదనీ, చెబితే ముప్పనీ భావించే చోట సంస్థ మొత్తం మూగబోతుందని వివరించారు. అది చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ "లేదండీ" అనే మాటను ఆయన నోట పలికించినది మేమే కదా!

నేడు సందేశాలు చేతిఫోనుల ద్వారా క్షణాలలో చేరుతున్నాయి. అయితే చేరడం వేరు, వినడం వేరు. ఇప్పుడు షిఫ్టు అప్పగించే వేళ, "లాగ్‌బుక్కులో రాయనిది ఏమైనా ఉందా?" అని అడిగి, కాసేపు ఊరకుంటాము. ఎక్కువసార్లు ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారు.

ఆ ఖలాసీ పదవీ విరమణ సభలో పూలదండ వేసి చేతులు పట్టుకొన్నాము గాని, చెప్పవలసిన మాట చెప్పలేకపోయాము. ఆనాటి విచారణలో మేము ఇవ్వవలసిన వాంగ్మూలం ఇదే. ఆయన ముందుగానే చెప్పాడు. వినని వారము మేము.