సర్పంచి లేని యూరు

2025వ సంవత్సరపు శివరాత్రినాడు, మేళ్లచెరువు శంభులింగేశ్వరుని జాతరకు వచ్చిన చుట్టములతో దాపుననున్న మా పల్లెయు నిండియుండెను. ఎక్కడ జూచినను ఎడ్ల బండలాగుడు పందెముల ముచ్చటలే. ఆ సందడిలో మా వీధి బోరు మోటారు కాలిపోయినది. ఎదురింటి ముసలమ్మ ఖాళీబిందె చంకనిడుకొని పంచాయతీ కార్యాలయమునకు బోయి, తాళము జూచి తిరిగివచ్చెను.

"సర్పంచి ఉంటే పొద్దున్నే ఇంటి ముందర నిలబడి నాలుగు తిట్టి వచ్చేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టాలయ్యా?" అని నన్నడిగెను. చదువుకొన్నవాడనని నన్నడిగినది కాబోలు. నాకు సమాధానము తోపలేదు.

2024 ఫిబ్రవరి 1వ తేదీతో తెలంగాణములోని పంచాయతీ పాలకవర్గముల గడువు తీరినది. మఱునాడు ప్రత్యేకాధికారులు వచ్చిరి. మా యధికారికి మా యూరు గాక మఱి మూడూళ్లు. తన కచ్చేరి పని వేఱు. ఆయన చెడ్డవాడు కాడు. ఫోను చేసిన మర్యాదగానే పలుకును. కాని ఆయన త్రాగునవి మా నీళ్లు కావు. 2018లోను ఇట్లే జరిగినది గాని, అప్పుడు ఆఱునెలలతో ముగిసినది. ఈమాఱు ఇరువదిరెండు నెలలు పట్టినది. గడువు తీరకమునుపే ఎన్నికలు ముగింపవలెనని రాజ్యాంగమున 243-ఇ అధికరణము 1993 నుండియు చెప్పుచునే యున్నది. ఎన్నికైన వారు లేని పంచాయతీకి పదునైదవ ఆర్థికసంఘపు నిధులు రాలేదు. ఎన్నిక జరుపనివారొకరు, దండుగ కట్టునది పల్లె!

ఇటలీలో ముస్సోలిని 1926లో చిన్న యూళ్లలో ఎన్నికైన పెద్దలను తొలగించి, 'పొదెస్తా' యను నియమితాధికారిని కూర్చుండబెట్టెను. పిమ్మట అనేక గ్రామములను పొరుగూళ్లలో కలిపివేసిరి. అది నియంత చేసిన పని. నిందించుటకు మనిషి కలడు. మా పల్లె స్వాతంత్ర్యమును ఎవ్వరును హరింపలేదు. గడువు తీరినది, తాళము పడినది, అంతే.

పూర్వము మన పల్లెలు స్వయంపాలితములని వ్రాయువారు కలరు. వారు మా సీమలో పటేలు చావడి ముందు చేతులు కట్టుకొని నిలిచినవారి నడిగియుండరు. వంశపారంపర్యపు పటేలు పట్వారీల యధికారము 1984లో గాని పోలేదు. ఇదే తెలంగాణపు మెరకసీమలో, షాద్‌నగరున, 1959 అక్టోబరు 11న నెహ్రూ పంచాయతీరాజ్యమును ప్రారంభించునాటికి మా ముసలమ్మ పరికిణీ కట్టు పిల్ల. తాతలనాటి సొత్తు గాదు, తన కన్నులయెదుట వచ్చినది. కనుకనే పోయినప్పుడు ఆమెకు తెలిసినది.

మోటారును తుదకు చందాలతో బాగుచేయించితిమి. ఇదిగదా నిజమైన స్వపరిపాలనమని పట్టణమునుండి వచ్చిన మిత్రుడొకడు మెచ్చుకొనెను. నేనొప్పుకొనలేదు. చందా యిచ్చిన యిండ్లకు నీరు ముందు పాఱినది. ముసలమ్మ ఈయలేకపోయినది; ఆమె బిందె కడపట నిండెను. ఆమె తరఫున మాటాడుటకు నాకు నోరున్నది గాని, చందా యిచ్చినవారిలో నేనును ఒకడనై యూరకుంటిని.

2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగినవి. ముసలమ్మ తెల్లవారకమునుపే వరుసలో నిలిచి ఓటు వేసినది. ఎవరికో నాకు చెప్పలేదు. ఫలితము వెలువడిన మఱునాటి యుదయమున క్రొత్త సర్పంచి వాకిట గట్టిగా కేకలు వినబడినవి. బయటికి వచ్చి చూచితిని: ఆమెయే, చంకలో బిందె.