కెమెరా కొన్నాను!

2008లో ఇక్కడే బి.ఎస్సీ. చదువుతూ, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముకు నాన్నగారిచ్చింది కలిపి డిజిటల్ కెమెరా కొన్నాను. మెగాపిక్సెళ్ళు ఎన్ని ఎక్కువైతే అంత గొప్పనుకునే రోజులవి! రెండు లెన్సులు, మూడు జిప్పుల సంచీ. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా సుమారు 3.6 కిలోలుండేదట. నా సంచీ దాని తమ్ముడే!

సంక్రాంతికి ఊరెళ్తూ, ‘ఈ బరువెవడు మోస్తాడులే’ అని హాస్టల్లోనే వదిలేశాను. అరుగు మీద కూర్చున్న నాయనమ్మ, “ఏరా, ఫోటో తీస్తానన్నావుగా?” అంది.

“వేసవికి తీస్తాలే నాయనమ్మా” అన్నాను.

వేసవికి నాయనమ్మ లేదు.

తర్వాత దాన్ని అమ్మేసి జేబులో పట్టేది కొన్నాను. 12 మెగాపిక్సెళ్ళంటే సుమారు 4000 × 3000 చుక్కలు. అంగుళానికి 300 చొప్పున అచ్చేసినా 13 × 10 అంగుళాల బొమ్మ వస్తుంది. మనకు చాలదూ? సంచీ అంటారా, బెల్టుకు తగులుకోవాలి, ఒంటిచేత్తో తెరుచుకోవాలి. లోపల మెత్తగా ఉండాలి. దాచేటప్పుడు సిలికా జెల్ పొట్లం వెయ్యాలి. లేకపోతే తేమకు లెన్సు బూజు పట్టేస్తుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కొట్లో ‘ఇదెంత గొప్పది?’ అని అడక్కండి. ‘దీన్ని వెంట తీసుకెళ్తానా?’ అని మిమ్మల్ని మీరే అడగండి.

మా గోడ మీది నాయనమ్మ బొమ్మ, రేషన్ కార్డు ఫోటో నుంచి పెద్దది చేయించినదే.