సింహాద్రి బండిలో దామెర్ల దగ్గరికి

విశాఖలో ఎవరింటికి చుట్టాలొచ్చినా బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళి కురుసుర చూపిస్తాం. పనిచేసి అలసిన ఆ సబ్‌మెరైన్‌ని ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చేశారు. దానికెదురుగా ఇప్పుడు నేవీ విమానం కూడా ఉంది. ఓడలు, ఉక్కు, క్రేన్లు. మా ఊరి గొప్పలన్నీ టన్నుల్లో తూగేవే. దామెర్ల రామారావు బొమ్మలు చూడాలంటే మాత్రం రాజమండ్రి బండెక్కాలి.

పొద్దున్నే గుంటూరు వెళ్ళే సింహాద్రి ఉంది. పేరుకి ఎక్స్‌ప్రెస్సే గానీ దాని మనసు పాసింజరుది. సీజన్ టికెట్ల వాళ్ళ బండి. వాళ్ళ సీట్లు వాళ్ళకుంటాయి, కొత్తవాళ్ళం మనమే ఒదిగి కూర్చోవాలి. నా ఎదురుగా కూర్చున్న టీచరమ్మ మర్రిపాలెం దాటకముందే పేపర్ల కట్ట విప్పింది. ఒళ్ళో అట్ట, దాని మీద పేపరు. బండి ఊగినప్పుడు పెన్ను పైకెత్తుతుంది, నిలకడగా నడిచినప్పుడు మార్కులు వేస్తుంది. ఆ లెక్కన ఏ పిల్లాడికీ గీత వంకర పోలేదు.

దువ్వాడలో రాత్రి డ్యూటీ దిగిన స్టీల్‌ప్లాంటు మనుషులు ఎక్కారు. బరువైన సేఫ్టీ బూట్లు, సంచిలో హెల్మెట్టు, కళ్ళ నిండా నిద్ర. చాలామంది కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే కునుకు తీశారు. నా పక్కనున్నాయన మాత్రం మాటల మనిషి.

“ఏటండీ, రాజమండ్రిలో పనా?”

“బొమ్మలు చూడ్డానికండి. దామెర్ల రామారావు గారని, పాత చిత్రకారుడు.”

“బొమ్మలకే అంత దూరమేటి? ఫోన్లో కనబడవా?”

ఆయన పని బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గరట. మా ప్లాంటులో మూడు ఫర్నేసులకీ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఈయనది గోదావరి. “నేను రోజూ గోదావరి ఒడ్డునే ఉంటానండి,” అని నవ్వాడు. మీ హాట్ మెటల్ రంగు ఫోన్లో వస్తుందా అని అడిగాను. “ఎక్కడొస్తాదండి! ఉత్త తెల్లగా మండిపోయినట్టు పడతాది,” అన్నాడు. అని, కాసేపు కిటికీలోకి చూసి, “సరే, వెళ్ళండి,” అన్నాడు, అనుమతి ఇచ్చినట్టు. యలమంచిలిలో దిగిపోయాడు.

అక్కణ్ణించి దారి తెలిసిందే. కుడివైపు తూర్పు కనుమలు దగ్గరికొస్తూ, దూరమవుతూ. తునిలో తేగల కట్టలు ఎక్కాయి. అన్నవరం కొండ కనబడగానే పెట్టెలో సగం మంది దణ్ణాలు పెట్టారు. సామర్లకోటలో కాకినాడ వాళ్ళు దిగాక బండి ఖాళీ అయింది. అక్కడి నుంచి నేల తీరే మారిపోతుంది. కాలవలు, వరి మళ్ళు, కొబ్బరి, ఆపైన కడియం నర్సరీలు. ధవళేశ్వరం దగ్గర కాటన్ 1852కి కట్టించిన ఆనకట్ట చలవ ఇదంతా.

స్టేషన్ బయట ఆటో అబ్బాయికి పేరు చెప్పగానే, “ఆ బొమ్మల స్కూలేనాండి? ఎక్కండి, ఆయ్,” అన్నాడు.

స్కూలనడం తప్పేం కాదు. గ్యాలరీతో పాటు చిత్రకళ నేర్పే బడి కూడా ఆయన పేరనే నడుస్తోంది. రామారావు 1897లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ కుర్రాడి చేతివాటం గమనించి, బొంబాయి జె.జె. స్కూల్‌కి వెళ్ళే దారి చూపించాడు. చదువయ్యాక బొంబాయిలోనే ఉండిపోతే పేరూ డబ్బూ వచ్చేవేమో. అతను తిరిగొచ్చి సొంతూళ్ళో మిత్రులతో కలిసి చిత్రకళాశాల పెట్టాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ‘ఋష్యశృంగ బంధనం’కి వైస్రాయి బహుమతి వచ్చింది. 1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి పోయాడు. ఇరవై ఏడేళ్ళు.

ఈ సంగతులన్నీ పుస్తకాల్లో ఉన్నవే. గోడ ముందు నిలబడ్డాక వాటి ఊసే గుర్తుకు రాలేదు. ‘పుష్పాలంకారం’లో ఆడవాళ్ళు ఒకామెకి పూలు ముడుస్తున్నారు. అంతే, కథేం లేదు. కానీ ఆ నడుములూ, మెడలూ, చీర కుచ్చెళ్ళు ఒంటికి అంటుకున్న తీరూ చూస్తే, ఈ మనిషి గోదావరి రేవులో కూర్చుని గంటలు గంటలు చూశాడని తెలిసిపోతుంది. రవివర్మ నాటకపు వెలుగు లేదు. అప్పటి బెంగాలు వాళ్ళ మంచు పొర కూడా లేదు. అజంతా చూసొచ్చిన గీత, బొంబాయిలో ఎదురుగా మనిషిని నిలబెట్టి నేర్చుకున్న ఒడ్డూపొడుగూ, రెండూ కలిశాయి. ‘సిద్ధార్థ రాగోదయం’లో రాకుమారుడి కంటే చుట్టూ ఉన్న అమ్మాయిలే నన్ను ఆపేశారు. కపిలవస్తు అని పేరు గానీ, వాళ్ళంతా మనవాళ్ళే.

ఫర్నేసాయన ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఫోన్లో ఈ బొమ్మలు ఒకే పసుపు ఛాయలో పడతాయి. దగ్గరగా చూస్తేనే కాగితం తెలుస్తుంది, నీటి రంగు ఎక్కడ పలచనైందో, ఎక్కడ కుంచె రెండోసారి వచ్చిందో తెలుస్తుంది. పెద్ద బొమ్మల పేరు విని వచ్చినవాళ్ళు పెన్సిలు స్కెచ్‌లు వదిలేసి పోతుంటారు. నా మటుకు నాకు అవే అసలు ఆస్తి. చెయ్యి ఎక్కడ తడబడకుండా పోయిందో వాటిలోనే కనిపిస్తుంది.

ఇంకో మాట. ఇరవై ఏడేళ్ళకి పోయిన మనిషి బొమ్మలు నూరేళ్ళు నిలవడం వాటంతట అవి జరిగే పని కాదు. వరదా వెంకటరత్నం గారు బడి భారం మోశారు. అడివి బాపిరాజు గారు కూల్డ్రే శిష్యుడే, రామారావు స్నేహితుడే. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ స్వయంగా చిత్రకారిణులు. ఈ గ్యాలరీని రామారావు కీర్తి కంటే వెనక మిగిలినవాళ్ళ పట్టుదలగా చూడటమే నాకు న్యాయం అనిపిస్తుంది. ఆ ఇద్దరు ఆడవాళ్ళ గురించి మనం ఎందుకింత తక్కువ మాట్లాడుకుంటామో మాత్రం నాకు అర్థం కాదు.

సాయంత్రం గట్టు మీదికి నడిచాను. దారిలో రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియంలో శిల్పాలున్నాయి, చూడదగ్గవే, కానీ అప్పటికే కళ్ళు నిండిపోయాయి. నది మీద హేవ్‌లాక్ వంతెన పని కూడా రామారావు పుట్టిన 1897లోనే మొదలైంది. 1900లో బండ్లు నడిచాయి, 1997లో ఆపేశారు. దాని పక్కన రోడ్డు కం రైలు వంతెన, ఆర్చి వంతెన. మూడూ ఒక్క చూపులో కనబడతాయి.

గోదావరి పుష్కరాలు మళ్ళీ 2027లో. అప్పుడు రాజమండ్రి బండ్లలో కాలు పెట్టే చోటుండదు. వెళ్ళదలిస్తే ఈలోపే వెళ్ళండి, పనిదినం చూసుకుని. విశాఖలో ఎక్కేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. సీజన్ వాళ్ళు లేవమంటే వాదించకండి.